బాపు బొమ్మ

మా కరీంనగర్ దిక్కు తండ్రిని బాపు అంటాం. ఇప్పుడు మాది పెద్దపల్లి జిల్లా అయింది గానీ పిలుపు మారలేదు. హాస్టల్లో చేరిన కొత్తలో ఫోన్‌లో "బాపూ" అని మాట్లాడుతుంటే వేరే జిల్లాల అమ్మాయిలు నవ్వేవాళ్లు. వాళ్లకు బాపు అంటే సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు. బాపు బొమ్మ అంటే వాలుజడ, పెద్ద కళ్లు, పట్టు పరికిణీ. నాకూ ఆ బాపు గారంటే ఇష్టమే. కానీ నేనిక్కడ చెప్పే బాపు బొమ్మ గోదావరిఖనిలో, సింగరేణి అండర్‌గ్రౌండ్ గనిలో సపోర్ట్‌మెన్‌గా పనిచేసే మా బాపుది. ఆ బొమ్మ కోసం నేను పెన్ టాబ్లెట్ సెటప్ చేసుకున్న సంగతి రాస్తున్నాను. నడుమ కొంచెం ఈసీఈ కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

మా దగ్గర గనిని బాయి అంటారు. "మీ బాపు ఏ షిఫ్టు?" "రాత్రి బాయికి పోయిండు." ఖనిలో పుట్టిన ఏ పిల్లకైనా ఈ మాటలు పాలతో పాటు వస్తాయి. బాపు ముప్ఫై ఏళ్లుగా బాయికి పోతున్నాడు, వచ్చే ఏడాది దిగిపోతాడు. ఇంట్లో ఆల్బమ్ తిరగేస్తే ఆయన పెళ్లి ఫోటో ఉంది, వేములవాడ పోయినప్పటిది ఉంది, మేడారం జాతరలో బెల్లం ఎత్తుకున్నది ఉంది. పనిలో ఉన్న ఫోటో మాత్రం ఒక్కటి లేదు. ఉండే అవకాశమూ లేదు. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది కాబట్టి సెల్‌ఫోన్, అగ్గిపెట్టె, బీడీ ఏవీ లోపలికి తీసుకపోవద్దు. దిగేముందు జేబులు తడిమి మరీ పంపిస్తారు.

మరి పోయి చూసి రావచ్చు కదా అంటారేమో. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టుకోవద్దంది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించి, పగటి వేళల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకు దారి తెరిచింది. నా తర్వాతి వాళ్లలో మైనింగ్ చదివే అమ్మాయిలు దిగుతారు, సంతోషం. మా అమ్మకు మాత్రం ఏ దారీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా టిఫిన్ డబ్బా కట్టి పంపిస్తుంది, ఆ డబ్బా మూత ఎక్కడ తెరుచుకుంటుందో ఆమెకు తెలియదు.

అందుకే గీద్దామనుకున్నాను. ఇది నాకొక్కదానికే వచ్చిన ఆలోచన కాదని తర్వాత తెలిసింది. ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ బొగ్గుగని కార్మికుడి కొడుకు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941-42 చలికాలంలో, తన సొంతూరు కాజిల్‌ఫర్డ్‌లోని వెల్డేల్ గనిలోకి దిగాడు. అది వాళ్ల నాన్న పనిచేసిన గనే. లోపల చూసింది కొండగుర్తులుగా గీసుకుని, పైకి వచ్చాక పెద్ద బొమ్మలు వేశాడు. ఆయన వాడిన ఉపాయం నాకు బాగా నచ్చింది. ముందు మైనం క్రేయాన్‌తో వెలుతురు గీతలు గీసి, దాని మీద నల్లటి నీటిరంగు పూసేవాడు. మైనం ఉన్నచోట నీళ్లు అంటవు, అందుకని చీకట్లోంచి మనుషులు మెరుస్తూ బయటికి వస్తారు. మామూలు పెన్సిల్‌తో తెల్ల కాగితం మీద బాయి గీయడం కష్టం. కాగితమంతా నల్లగా రుద్దుకుంటూ పోవాలి. స్క్రీన్ మీదైతే నల్లటి కాన్వాస్ తీసుకుని దాని మీద వెలుతురు గీయొచ్చు. నాకు టాబ్లెట్ కావాలనిపించింది అందుకే.

స్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బులతో ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. స్క్రీన్ లేని చిన్న రకం. గీసే జాగా 152 మిల్లీమీటర్ల పొడవు, 95 మిల్లీమీటర్ల ఎత్తు. ప్రెషర్ 2048 మెట్లు. అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కామో 2 కు 11వ ఘాతం అన్ని భాగాలుగా కొలుస్తుంది. కొత్తవాటిలో 8192 ఉంటాయి, అది 13వ ఘాతం. కొనేటప్పుడు ఆ అంకె చూసి మోసపోకండి. ఎంత తేలిక ముట్టుడుకు గీత మొదలవుతుంది, ఆ మెట్లను మన చేతికి ఎలా పంచుకున్నాం అన్నవే అసలు తేడా తెస్తాయి.

ఈ పెన్నులో బ్యాటరీ లేదు. 1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. టాబ్లెట్ లోపల సన్నటి తీగల వల ఉంటుంది. అది విద్యుదయస్కాంత సంకేతం పంపుతుంది. పెన్నులో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉంటాయి, మనం సెకండియర్‌లో చదివిన ఎల్‌సీ సర్క్యూటే. వల నుంచి వచ్చిన శక్తితో అది రెజొనెన్స్‌లోకి వచ్చి, తిరిగి సంకేతం పంపుతుంది. మొనను నొక్కితే సర్క్యూట్ విలువ కొంచెం మారి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. ఆ జరిగినంత మేర టాబ్లెట్ దాన్ని ఒత్తిడిగా చదువుకుంటుంది. పరీక్షలో ఐదు మార్కులకు రాసి మరిచిపోయిన ఫార్ములా చేతిలో గీతలాగా కనిపించేసరికి నాకు భలే అనిపించింది.

ఇక సెటప్. మీలో ఎవరైనా కొంటే పనికొస్తుందని వరుసగా చెబుతాను. మొదటిది, ల్యాప్‌టాప్‌లో వేరే టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా ఉంటే పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, తర్వాతే కొత్తది వేయండి. రెండు డ్రైవర్లు ఒక వరలో ఇమడవు. రెండోది కొలత. నా టాబ్లెట్ 16:10, ల్యాప్‌టాప్ స్క్రీన్ 16:9. అలాగే వదిలేస్తే గుండ్రంగా గీసింది అడ్డంగా సాగి కోడిగుడ్డు అవుతుంది. డ్రైవర్‌లో ఫోర్స్ ప్రపోర్షన్స్ టిక్ పెడితే, 95 మిల్లీమీటర్ల ఎత్తులో దాదాపు 85 మాత్రమే వాడుకుని సున్నాను సున్నాలాగా ఉంచుతుంది. మూడోది, విండోస్‌లో పెన్ను కాసేపు అదిమి పడితే రైట్ క్లిక్ అయ్యే సదుపాయం ఆపేయండి. లేకపోతే నెమ్మదిగా గీసినప్పుడల్లా ఒక రింగు తిరుగుతుంది.

బొమ్మకు క్రిటా వాడాను. ఉచితం, ఓపెన్ సోర్స్. స్వీడిష్‌లో ఆ మాటకు సుద్దముక్క అని అర్థమట. ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తుంటే క్రిటా సెట్టింగ్స్‌లో టాబ్లెట్ విభాగానికి పోయి, విన్‌టాబ్ నుంచి విండోస్ ఇంక్‌కు గానీ, అటు నుంచి ఇటుకు గానీ మార్చి, క్రిటాను మూసి మళ్లీ తెరవండి. చాలామందికి అక్కడే ప్రెషర్ తిరిగి వస్తుంది. అదే పేజీలో ఒక గ్రాఫ్ ఉంటుంది. కింది అడ్డగీత మన చెయ్యి నొక్కిన బలం, నిలువు గీత క్రిటా తీసుకునే బలం. పక్కనే టాబ్లెట్ టెస్టర్ ఉంది, అందులో గీస్తే ఎంత శాతం నొక్కుతున్నామో అంకె చూపిస్తుంది.

నా చెయ్యి తేలిక. మామూలుగా గీస్తే 20 నుంచి 50 శాతం మధ్యనే ఉంటున్నాను. గ్రాఫ్ గీతను పైకి ఉబ్బేలా లాగాను. తక్కువ నొక్కినా ముదురు వస్తుంది, మణికట్టు నొప్పి పుట్టదు. బ్రష్‌లో ప్రెషర్‌ను సైజుకు కాకుండా ఒపాసిటీకి కట్టాను. నొక్కినకొద్దీ గీత లావు కాదు, వెలుతురు పెరుగుతుంది. క్యాప్ ల్యాంప్ వెలుగుకు అదే కావాలి.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయి బాపును కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. నేను నల్ల కాన్వాస్ తెరవగానే అన్నాడు, "బాయంత నల్లగ ఉంటదని ఎవలన్నరు బిడ్డా? మనుషులు నడిచే తొవ్వ తెల్లగుంటది." నడిచే దారుల్లో గోడలకు సున్నం వేస్తారట. బొగ్గు ధూళి అంటుకుని పేలకుండా రాతిపొడి చల్లుతారట. లోపలికి పోయినకొద్దీ తెలుపు తగ్గి, బొగ్గు తీసే చోట మాత్రం నలుపు. ఆ నలుపు కూడా ఒకటే రకం కాదు. "కొత్తగ ఇరిగిన పెళ్ల లైటు పడితే అద్దమోలె మెరుస్తది. పాతది మెరవది." సర్దార్ చూసిపోయిన చోట సుద్దముక్కతో తారీఖు వేస్తాడని చెప్పాడు. రూఫ్ ఎట్లా పరీక్ష చేస్తారో లేచి నిలబడి చూపించాడు. ఎడమ అరచెయ్యి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో రాడ్డు పెట్టి తట్టాలి. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైంది డొల్లగా మోగుతుంది, అరచేతికి అదురు తెలుస్తుంది. "చెవు ఒక్కోపారి మోసం చేస్తది, చెయ్యి చెయ్యది" అన్నాడు.

నోటితో చెబితే నాకు ఎక్కడ ఏముందో అర్థం కావట్లేదని పెన్ను ఆయన చేతికే ఇచ్చాను. దిమ్మె ఎక్కడ, బోల్టు ఎక్కడ, హాలర్ తాడు ఎటు పోతుందో గీయమన్నాను. ఆయన ముట్టుకుంటే చాలు, గీత పూర్తి తెలుపు. అన్నీ ఒకే తీరు, సున్నం పూసినట్టు. అమ్మ నవ్వింది. బాపు పెన్ను పక్కన పెట్టి "మాది మోటు చెయ్యి, గియ్యి నాతోటి కావు" అన్నాడు.

టెస్టర్ తెరిచి మళ్లీ గీయమన్నాను. ఆయన ఎంత మెల్లగా గీసినా అంకె 70 కిందికి రావట్లేదు. ముప్ఫై ఏళ్లు దిమ్మెలు ఎత్తిన చేతికి మెల్లగా అంటే 70. నా కోసం పైకి లాగిన గీత ఆయనను ఇంకా తెల్లగా చేస్తోంది. అందుకని బాపుకు వేరే గ్రాఫ్ పెట్టాను. 60 శాతం దాకా దాదాపు నేల మీదే పాకించి, అక్కడి నుంచి నిలువుగా ఎక్కించాను. ఇప్పుడు ఆయన 70 క్రిటాకు 10 లాగా కనిపిస్తుంది, ఆయన 100 మాత్రమే 100. పెన్నుకు ఒక కొత్త మొన వేసి, జారకుండా టాబ్లెట్ మీద పల్చటి తెల్ల కాగితం అంటించాను. ఈ రకం టాబ్లెట్‌కు కాగితం అడ్డం కాదు, సంకేతం దాటి పోతుంది.

ఈసారి గీసి, కాసేపు చూసి, "గిప్పుడు ఇన్నది" అన్నాడు. అంటే ఇప్పుడు మాట విన్నది అని. గంటసేపు వదల్లేదు. దిమ్మెలు ముదురుగా, తాడు సన్నగా, దూరం పోయే తొవ్వ మసకగా వచ్చాయి. నాకంటే ఆయనకే దూరం గీయడం బాగా వచ్చు, ఆ దూరం నడిచిన మనిషి కదా.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్ ముందు కూర్చుంది. "తినేది ఏ తావుల?" అని అడిగింది. బాపు జంక్షన్ పక్కకు పెన్ను జరిపి ఒక చెక్కబల్ల గీశాడు. బల్ల మీద డబ్బా. డబ్బా పక్కన తనను తాను నాలుగు గీతల్లో పెట్టుకున్నాడు, తలకాయ మీద టోపీ లైటు. తర్వాత కొంచెం ఆగి, బల్లకు అవతలి పక్క ఇంకో మనిషిని గీశాడు. ఆ గీత కనీ కనపడకుండా వచ్చింది. టెస్టర్‌లో 70 కిందికి రాని చెయ్యి అంత తేలికగా ఎట్లా ఆడిందో నాకు తెలియదు.

"ఎవరు బాపూ?"

"నేనూ ఆయినె ఒక్క తాన తినేది. ఆ దినం ఆయినెది మొదటి షిఫ్టు, నాది రెండోది."

అమ్మకు తెలుసు. లేచి లోపలికి పోయింది. నేను ఆ లేయర్‌కు తాళం వేసి సేవ్ చేశాను.

మిగతా బొమ్మంతా నెల రోజులు కూర్చుని పూర్తి చేశాను. ఏ3 సైజు, 300 డీపీఐ, అంటే 4961 బై 3508 పిక్సెళ్లు. నా పాత ల్యాప్‌టాప్ మీద లేయర్లు పెరిగినకొద్దీ బ్రష్ వెనకబడేది, అప్పుడు అయిపోయిన లేయర్లు కలిపేసుకుంటూ పోయాను. బాపు లేయర్ మాత్రం కలపలేదు, దాని మీద గీయలేదు. నల్ల బొమ్మలు స్క్రీన్ మీదకంటే కాగితం మీద ఇంకా చీకటిగా పడతాయి కాబట్టి ప్రింట్‌కు ముందు మొత్తం వెలుతురు కొంచెం పెంచుకోవాలి, ఇది గుర్తుంచుకోండి.

లక్ష్మీనగర్‌లో ఫోటో ప్రింట్లు వేసే అతను మొదటి కాపీ తీసి వెలుతురులో పట్టి చూశాడు. బాగుందన్నాడు. తర్వాత బల్ల అవతలి పక్క వేలు పెట్టి, "అక్కా, ఈ ఒక్క మనిషి సరిగ పడలే, బ్రైట్ చెయ్యాల్నా?" అని అడిగాడు.

వద్దు, అట్లనే ఉండనీ అన్నాను.