గడువు ముగిశాక ఎటు?

వీసా అవసరం లేకుండా పరాయి దేశంలో ఉండగల రోజులు ముగియవచ్చినప్పుడు, తరువాత ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న ప్రయాణికుడి ముందు నిలుస్తుంది. టికెట్ ధర, గది అద్దె, వాతావరణం చూసుకుని జవాబును అతడే తేల్చుకుంటున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అతడు ఎంచుకునేది అప్పటికే ఎంచి పెట్టిన కొన్ని పేర్లలోంచి. ఆ జాబితాను రాసినవి ప్రభుత్వాలు. ఏ దేశపు పౌరుడిని ఎన్ని రోజులు నమ్మవచ్చునో అవి ముందే లెక్కగట్టి ఉంచుతాయి. దౌత్య ప్రకటనల్లో దొరకని రాజకీయం ఆ లెక్కల్లో దొరుకుతుంది.

అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు ఐరోపాలోని 29 దేశాల షెంగెన్ ప్రాంతంలో, ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులు వీసా లేకుండా ఉండవచ్చు. అవి అయిపోతే బ్రిటన్‌లో ఆరు నెలల వరకు, జార్జియాలోనో అల్బేనియాలోనో ఏడాది వరకు గడపవచ్చు. భారతీయుడు అదే షెంగెన్‌లో అడుగుపెట్టాలంటే బ్యాంకు ఖాతా వివరాలు, హోటల్ బుకింగులు, బీమా పత్రం చూపి ముందుగా వీసా సంపాదించాలి. 90 రోజుల పరిమితి ఇద్దరికీ ఒకటే. మొదటివారికి అది గుమ్మం దగ్గరే దక్కుతుంది. రెండోవారికి అన్ని రోజులూ దక్కుతాయన్న హామీ లేదు. వీసా అధికారి పది రోజులే రాసిచ్చినా అడిగే దిక్కు ఉండదు.

అందుకే భారతీయుడి దారులు వేరుగా ఉంటాయి. హైదరాబాద్ సంస్థకు దూరం నుంచే పనిచేస్తూ బ్యాంకాక్‌లో కొన్నాళ్లు ఉందామనుకున్న యువ ఉద్యోగిని ఊహించుకుందాం. థాయ్‌లాండ్ 2023 నవంబరులో భారతీయులకు 30 రోజుల వీసా మినహాయింపు ఇచ్చి, 2024 జూలైలో దానిని 60 రోజులకు పెంచింది. ఆ 60 చివరికొచ్చాక అతడి ముందున్నవి: మలేసియాలో 30 రోజులు, ఫిలిప్పీన్స్‌లో 14, కజకిస్తాన్‌లో 14. సరిహద్దు దాటి వెంటనే తిరిగి రావడమనే పాత ఉపాయానికీ హద్దుంది. భూమార్గంలో అలా వీసా లేకుండా ప్రవేశించడాన్ని థాయ్‌లాండ్ ఏడాదికి రెండుసార్లకే పరిమితం చేసింది.

ఈ మినహాయింపులు పర్యాటకుల డబ్బు కోసం పుట్టినవి. అవసరం తీరితేనో, తలనొప్పి మొదలైతేనో ఒక్క ప్రకటనతో పోగలవు. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో భారతీయులకు 15 రోజుల మినహాయింపు ఇచ్చింది. ఉద్యోగాల పేరుతో భారతీయులను అక్కడికి రప్పించి, బంధించి, డబ్బు గుంజే ముఠాలు దానిని వాడుకున్నాయి. 2025 నవంబరులో ఆ సదుపాయం నిలిచిపోయింది.

థాయ్‌లాండ్ దారిలోనూ అదే జరిగింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి బ్యాంకాక్ చేరిన యువకులను మే సోట్ మీదుగా మోయ్ నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడ్డీ సైబర్ మోసాల శిబిరాలకు తరలించారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం వాయుసేన విమానాల్లో 549 మందిని వెనక్కి తెచ్చింది. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ యువకులూ ఉన్నారు. గడువు దాటిన ప్రతివాడూ చట్టం కంట్లో ఉల్లంఘనుడే. అతడి పాస్‌పోర్టు లాక్కున్నదెవరో పాస్‌పోర్టు మీది ముద్ర చెప్పదు. ఎక్కడికి వెళ్లాలన్నది వీరి విషయంలో దళారి నిర్ణయించాడు. వీసా అక్కరలేకపోవడం అతడి పనిని తేలిక చేసింది.

ఇప్పుడు దక్షిణాసియా పటం ముందు పెట్టుకుంటే మరో వింత కనిపిస్తుంది. భారతీయుడికి గడువు బెంగ లేని దేశం నిజంగానే ఒకటుంది. 1950 జూలై 31 నాటి శాంతి, మైత్రీ ఒప్పందం ప్రకారం నేపాల్‌లో భారతీయులకు, భారత్‌లో నేపాలీలకు నివాసం, రాకపోకలు, వ్యాపారం విషయంలో సమాన సౌకర్యాలు ఉండాలి. సుమారు 1,750 కిలోమీటర్ల ఆ సరిహద్దును పాస్‌పోర్టు లేకుండానే దాటవచ్చు. దొంగ రవాణా, నేరస్థుల పరారీ అక్కడా సమస్యలే. గుర్తింపు కార్డులతో నియంత్రించాలన్న వాదన రెండు వైపులా ఉంది. అయినా ఇన్ని దశాబ్దాలుగా బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల పెళ్లి సంబంధాలు, సంతలు, కూలి పనులు ఆ గీతకు ఇరుపక్కలా సాగుతూనే ఉన్నాయి. భూటాన్‌కు కూడా వీసా అక్కరలేదు కాని, రాత్రికి 1,200 రూపాయల రుసుము పడుతుంది. ఎన్నాళ్లు ఉండాలో అక్కడ జేబు చెబుతుంది.

పడమటి వైపు సంగతి తెలిసిందే. అమృత్‌సర్ నుంచి లాహోర్ 50 కిలోమీటర్ల దూరం. 1948లో పర్మిట్లు, 1952లో పాస్‌పోర్టులు రాకముందు జనం ఆ దారిలో మామూలుగా తిరిగారు. తరువాత వచ్చిన వీసాల్లో ఏయే ఊళ్లకు వెళ్లవచ్చో కూడా రాసి ఉండేది. 2019 నవంబరులో తెరిచిన కర్తార్‌పూర్ నడవా వీసా లేని ప్రవేశమే. ఉదయం వెళ్లిన యాత్రికుడు సాయంత్రానికి తిరిగి రావాలి. రెండు దేశాల మధ్య నమ్మకం గంటల్లోకి కుదించుకుపోయిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 2025 మేలో భారత్ వైపు ఆ తలుపు కూడా మూసుకుంది.

తూర్పున మయన్మార్ సరిహద్దులో ప్రశ్న ఇంకా లోతైనది. అక్కడ ప్రయాణికుడంటే పర్యాటకుడు కాడు, పక్క ఊరి చుట్టం. నాగాలాండ్‌లోని లోంగ్వా గ్రామంలో పెద్ద ఇంటి మధ్య నుంచే సరిహద్దు వెళుతుంది. కొండజాతుల వారు వీసా లేకుండా తిరిగే పరిధి ఒకప్పుడు 40 కిలోమీటర్లు. 2004లో అది 16కు తగ్గింది. 2018 ఒప్పందం 14 రోజుల బసకు అనుమతించింది. 2024 ఫిబ్రవరిలో ఈ విధానాన్నే రద్దు చేస్తామని కేంద్ర హోం మంత్రి అమిత్ షా ప్రకటించారు. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. ఆ ఏడాది చివరికి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో పరిధి 10 కిలోమీటర్లు, గడువు 7 రోజులు అయింది. మణిపుర్ హింస, మాదకద్రవ్యాలు, సాయుధ ముఠాలను కారణాలుగా చూపారు. అవి కల్పితాలు కావు. అయితే గడువు సగానికి తగ్గినందువల్ల ముఠా ఆగిందా, లేక మేనత్త దినకర్మకు వెళ్లినవాడే ఆగాడా అన్నది ప్రభుత్వం లెక్క చెప్పవలసిన విషయం.

ఏటా పాస్‌పోర్టుల ర్యాంకులు వెలువడగానే మన స్థానం పెరిగిందనో తగ్గిందనో టీవీల్లో చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో మనీలా, కౌలాలంపూర్ వస్తాయి. లాహోర్, ఢాకా రావు. సార్క్ 1992లో వీసా మినహాయింపు పథకం తెచ్చినా అది న్యాయమూర్తులు, ఎంపీలు, ఉన్నతాధికారులు, పాత్రికేయుల వంటి 24 వర్గాలు దాటలేదు. సామాన్యుడికి అందని ఆ పథకాన్ని 2025 ఏప్రిల్‌లో, పహల్‌గామ్ ఉగ్రదాడి తరువాత, పాకిస్తానీలకు రద్దు చేసినప్పుడు సామాన్యుడికి తెలిసింది.

దూరదేశం పర్యాటకుడికి ఇచ్చే 60 రోజులను విజయంగా ప్రకటించుకునే ప్రభుత్వం, ఇరుగుపొరుగుతో ఒక్కో రోజూ ఎందుకు తగ్గుతున్నదో పార్లమెంటుకు చెప్పాలి. నేపాల్ సరిహద్దును సమస్యలతో సహా తెరిచి ఉంచగలిగిన దేశానికి మిగతా చోట్ల కనీసం పరిమితంగా, గుర్తింపు పత్రాలతోనైనా తలుపు తీయడం అసాధ్యం కాకూడదు. గడువు ముగిసిన భారతీయుడు ఎటు వెళ్లాలో వెతుక్కునేటప్పుడు, ఆ జాబితాలో పక్క ఊరి పేరు కూడా ఉండాలి.