బావి గోడ మొక్క

మా ఇంటికొచ్చిన వాళ్లు గోలెం పక్కనున్న కుండీ చూసి అడిగే మొదటి ప్రశ్న, "ఇది పూస్తుందా?" పూయదు. "పోనీ కాస్తుందా?" కాయదు. "మరెందుకండీ, బిందె నీళ్లు దండగ!" మే నెలలో రొంపిచెర్లలో బిందె నీళ్ల విలువ నాకు తెలియక కాదు. కానీ పూయనివీ కాయనివీ పీకి పారెయ్యాలంటే ఊళ్లో చాలామందిని పీకాలి, నాతో మొదలుపెట్టి.

మొదట్లో నేనూ మోసపోయాను. కడియం నుంచి వచ్చిన మొక్కల బండిలో బోస్టన్ ఫెర్న్ కొన్నాను. 1894లో అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ వెళ్లిన మొక్కల్లో ఒకటి వేరే తీరుగా కనబడితే దానికి ఆ ఊరి పేరు పెట్టారట. పేరులోనే ఉంది, చల్లని ఊరి పిల్ల. "నీడన పెట్టండి, తడి ఆరనివ్వకండి" అన్నాడు బండివాడు. వేపచెట్టు నీడ ఉంది, తడికి నేనున్నాను. కానీ పల్నాడు వడగాలికి నీడా ఎండా తేడా లేదు. ఫెర్న్‌కి వేరు తడిస్తే సరిపోదు, గాలిలోనూ చెమ్మ ఉండాలి. రోహిణి కార్తె రాకముందే అప్పడంలా పెళపెళలాడిపోయింది.

ఇప్పుడు కుండీలో ఉన్నది మాత్రం ఈ నేలదే. హంసపాది, ఇదీ ఫెర్నే. మా తాతయ్య మోటబావిలో, నాపరాళ్ల సందుల్లోంచి గుత్తులు గుత్తులుగా వేలాడేది. ఎండ దిగని లోతులో, గాలి లేకపోయినా వణుకుతూ ఉండేది. కాడ తలవెంట్రుకంత సన్నం, నల్లగా నిగనిగ. ఆకు నీళ్లలో ముంచితే వెండిలా మెరుస్తుంది, పైకి తీస్తే పొడిగా ఉంటుంది. తామరాకు గొప్ప మన కవులకు తెలిసింది గానీ, బావిలోకి తొంగిచూసిన కవి ఒక్కడూ లేడు!

ఆకు అంచులు వెనక్కి మడిచి, వాటి కింద గోధుమరంగు పొడి దాచుకుంటుంది. చిన్నప్పుడు పురుగు పట్టిందనుకొని గోటితో గీకేసేవాణ్ణి. గీకింది దాని సంతానాన్ని. ఆ పొడి తడి గోడమీద పడితే ముందు గోరంత కూడా లేని పచ్చని పొర పుడుతుంది. దానిమీద నీటితడి ఉంటేనే మగకణం ఈదుకుంటూ ఆడకణాన్ని చేరేది. మన పెళ్లికి పందిరి, దాని పెళ్లికి నీటి పొర.

ఇంకో సంగతి. ఈ ఫెర్న్‌లలో కొన్ని రకాలకు సున్నమంటే ప్రాణం. సున్నం కొదవా మనకు? పిడుగురాళ్ల బట్టీలన్నీ ఎందుకున్నాయి మరి! కుండీలో చివికిన ఆకులు, ఇటుక ముక్కలు, పాత గోడ నుంచి రాలిన సున్నపు పెళ్లలు వేసి, కుండీ చుట్టూ తడి గోనె చుట్టండి. కొత్త సిమెంటు పెళ్లలు వెయ్యకండి. ఈ మాట చెప్పి చెప్పి నా నోరు అరిగింది.

కుండీలోని ఈ గుత్తి బావిలోంచి నాకు దక్కడం కూడా చివరి నిమిషంలోనే. సాగర్ కాలవ వచ్చాక బావిని పట్టించుకోవడం తగ్గింది, బోరు పడ్డాక గుంట అయింది. మా వాళ్లలోనే ఒకాయన, పేరెందుకు గానీ, ఇల్లు పడగొట్టిన మట్టీ రాళ్లూ తెచ్చి పూడ్చేశాడు. "ప్లాటు అవుతుంది, బావి ఏమవుతుంది?" అన్నాడు. నాలుగో ట్రాక్టరు ఒంపేలోపు కత్తిపీటతో ఒక గుత్తిని సున్నంతో సహా పెకలించాను. మిగతావి లోపలే ఉన్నాయి.

ఆ బావి బతికున్న రోజుల్లో, మోట తోలేటప్పుడు ఎడ్లు వాలులోకి దిగుతూ తాడు లాగేవి, మళ్లీ పైకి వెనక్కి నడిచేవి. వెనక్కి నడవడం వాటికి ఎవరు నేర్పారోనని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ణి. తాతయ్యనడిగితే, "నీకు ముందుకు నడవడం ఎవరు నేర్పార్రా?" అనేవాడు. మోట కట్టని రోజుల్లో అమ్మమ్మ చేదతో తోడేది. చేదతాడు ఒరిసి ఒరిసి గట్టురాయి మీద వేలు పట్టేంత గాడి పడింది. ఆ రాయి ఇప్పుడు పూడ్చినాయన ఇంటి స్నానాలగది ముందు మెట్టయింది. వాళ్లింటికి వెళ్తే చెప్పులు విప్పే వంకతో వంగి ఆ గాడిలో వేలు పెట్టి చూస్తాను.