ఎలుక లేని దీవి

ఆక్లాండు రేవులో పడవ యెక్కబోతూవుంటే మమ్మల్ని ఆపారు. సంచులు విప్పి చూపమన్నారు, బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దమన్నారు. చెన్నైనుండి అమ్మాయి యింటికి వచ్చి నెల దాటినది గాని, యింత తనిఖీ యెక్కడా చూడలేదు. మా గుడ్డసంచిలో కాగితం పొట్లం కట్టిన జంతికలున్నవి. బిగుతు మూతవున్న డబ్బాలో పెడితేనే పడవలోకి రానిస్తామన్నారు. "మేమేమన్నా దొంగసరుకు తెచ్చామా?" అని తెలుగులో గొణుక్కొన్నాము. అమ్మాయి నవ్వి, "దొంగసరుకు కాదమ్మా, ఎలుక! సంచిలో ఎలుక దూరి వుంటుందేమోనని చూస్తున్నారు" అన్నది.

ఒక్క ఎలుకకోసం యింత హడావిడా అనుకొన్నాము. సాయంకాలం తిరిగివచ్చేసరికి ఆ మాట వెనక్కు తీసుకొన్నాము. ఎందువల్లనో పాఠకులకు మనవి చేస్తాము.

గంటంబావు ప్రయాణం తరువాత టిరిటిరి మటంగి దీవి చేరుకొన్నాము. సుమారు 540 ఎకరాల చిన్న దీవి. 1865లో వెలిగించిన దీపస్తంభం గట్టుమీద తెల్లగా నిలబడి వున్నది. ఒకప్పుడు అడవి నరికి పశువులను మేపిన నేల యిది. 1971లో ఆ మేత మాన్పించారు. 1984 మొదలు పదేళ్ళపాటు బడిపిల్లలు, పెద్దలు సెలవురోజులలో వచ్చి రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. 1993లో దీవిలోని ఎలుకలను పూర్తిగా నిర్మూలించారు. అరుదైన పక్షులను ఒక్కొక్క జాతిగా తెచ్చి వదిలారు.

కాలిబాటలో పది అడుగులు వేశామో లేదో, ఒక నల్లని పిట్ట మా ముందు వాలినది. వీపుమీద జీను వేసినట్లు ఇటికరంగు, ముక్కు మొదట ఎర్రని లోలకులు. దాని పేరు టీకే. దీవి మారి కొన్ని తరాలు గడిస్తే ఈ పక్షుల కూతలో యాస మారుతుందట! ఆ సంగతి మనవంటివారికి వేరే చెప్పనక్కరలేదు.

దీపస్తంభం దగ్గర టకాహే కనిపించినది. కోడికంటె పెద్దది, నీలమూ ఆకుపచ్చా కలిసిన మెరుపు, లావుపాటి ఎర్రని ముక్కు, ఎగరలేని రెక్కలు. 1898 తరువాత కంటబడక, అంతరించినదని అందరూ అనుకొన్న పక్షి. 1948లో ఓర్బెల్ అనే వైద్యుడు దక్షిణదీవి కొండలలో దీనిని తిరిగి కనుగొన్నాడు. అది బెదరలేదు, కదలలేదు. మా జంతికల డబ్బాకేసి తల వంచి చూచినది. మాకు ముచ్చట వేసినది. కాని దారి చూపుతున్న పెద్దావిడ, "ఆ బెదరకపోవడమే దాని కొంప ముంచినది" అన్నది.

ఆమె చెప్పిన సంగతి యిది. మనుష్యులు రాకముందు న్యూజిలాండులో గబ్బిలాలు తప్ప పాలిచ్చే నేల జంతువులు లేవు. పక్షులకు శత్రువులు డేగలవంటివే. అవి ఆకాశంనుండి కంటితో వెదికేవి. కనుక కదలకుండా నిలబడితే చాలు, ఆకుల రంగులో కలిసిపోయి బ్రతకవచ్చు. తరువాత మనుష్యులతోపాటు ఎలుకలు వచ్చినవి, పిల్లులు వచ్చినవి. తామే తెచ్చిన కుందేళ్ళు పెచ్చుపెరిగిపోతే, వాటిని చంపడానికి 1880 తరువాత ముంగిసవంటి స్టోటులను తెచ్చారు. ఎలుకమీది కోపంతో యిల్లు తగలబెట్టుకొన్నట్లయినది. ఈ జంతువులు వాసన పట్టి వేటాడుతాయి. వాటి ముందు కదలకుండా కూర్చోవడమంటే నోటికందిన ముద్ద కావడమే.

పిల్లలను కనే తీరూ అటువంటిదే. టకాహే నేలమీద గడ్డిదుబ్బుక్రింద గూడు పెడుతుంది; సాధారణంగా రెండే గుడ్లు. తల్లీ తండ్రీ వంతులవారీగా నెలరోజులు పొదుగుతాయి. మన యిళ్ళలో అక్క చెల్లెలిని ఎత్తుకొన్నట్లు, నిరుటి పిల్ల ఈ యేటి పిల్లకు మేత తెచ్చి పెట్టడం కూడా కద్దు. కొద్దిమంది బిడ్డలు, ఎక్కువ ఆలన, దీర్ఘాయువు. శత్రువు లేని యింటికి అది చక్కని సంసారమే. ఎలుక జొరబడితే మాత్రం పోయిన గుడ్లను పూడ్చుకొనే శక్తి లేదు.

దక్షిణాన బిగ్ సౌత్ కేప్ అనే దీవి వున్నది. చేపల పడవలనుండి ఎలుకలు దిగి, 1964నాటికి దీవి అంతటా పాకినవి. ఎలుకలవల్ల పక్షులకేమీ ప్రమాదం లేదనే పండితులు కూడా అప్పట్లో వున్నారు. చూస్తూవుండగానే రెండు జాతుల పక్షులు, ఒక జాతి గబ్బిలం లోకంలోనే లేకుండాపోయినవి. టీకేలలో దక్షిణపు రకం అక్కడ తప్ప యెక్కడా లేదు. 36 పక్షులను పట్టి వేరే దీవులకు తరలించబట్టి ఆ జాతి నిలిచినది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటమంటాము. అక్కడ చెలగాటం ఎలుకది, ప్రాణసంకటం పక్షిది.

చాథమ్ దీవుల నల్లరాబిన్ కథ మరీ చిత్రమైనది. 1980లో లోకంమీద మిగిలినవి అయిదే. వాటిలో పిల్లలను కనగలిగిన ఆడపక్షి ఒక్కటే. దాని కాలికి నీలిపట్టీ వుండేది గనుక "ఓల్డ్ బ్లూ" అన్నారు. గూడు పోతే అది మళ్ళీ గుడ్లు పెడుతుంది. డాన్ మెర్టన్ బృందంవారు ఆ గుణాన్నే ఆసరా చేసుకొని, దాని గుడ్లను టామ్‌టిట్ అనే మరొక పిట్ట గూటిలో ఉంచారు. మన కాకి కోకిలపిల్లను పెంచినట్లు ఆ పిట్ట వాటిని పెంచినది. ఓల్డ్ బ్లూ మళ్ళీ గుడ్లు పెట్టినది. నేడు రెండువందలకు పైగా వున్న నల్లరాబిన్‌లన్నీ ఆ ముసలమ్మ సంతానమే.

తిరుగు పడవలో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. ఇన్నేళ్ళ శ్రమ, ఇన్ని లక్షల చెట్లు, ఇన్ని ప్రాణాలు. కడుపుతోవున్న ఒక్క ఎలుక మా సంచిలో దాటివస్తే చాలు, అన్నీ మట్టిపాలు. వినాయకుడి వాహనమని మనం నమస్కరించే ప్రాణిమీద మాకు పగ లేదు. దాని చోటు అది కాదు, అంతే. భయమెరుగని పక్షికి భయం నేర్పడం మన తరం కాదు. దాని బదులు మనం జాగ్రత్తపడవచ్చు. మళ్ళీ వెళ్ళే భాగ్యం కలిగితే, ఎవరూ అడగకముందే సంచి విప్పి చూపుతాము.