నలుపు తెలుపుల్లో మోల్టన్ కొట్టం

తెల్లవారడానికి గంట ముందే అక్కడ ట్రైపాడ్లు బారులు తీరతాయి. వేసవిలోనూ చేతులు కొంకర్లు పోయే చలి. అయినా ఎవరూ కదలరు. అందరి కెమెరాలూ ఒకవైపే... ఓ పాత పశువుల కొట్టం వైపు!

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉంది గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కు. అందులో 'మార్మన్ రో' అనే పాత పల్లెలోని మోల్టన్ బార్న్ అది. ఆ దేశంలో అందరికన్నా ఎక్కువసార్లు ఫొటోలకెక్కిన కొట్టంగా దానికి పేరు. బార్న్ అంటే పశువుల పాక, గడ్డివామి, గింజల కొట్టు... మనం విడివిడిగా కట్టుకునేవన్నీ అక్కడ ఒకే కప్పు కింద ఉంటాయి. ప్రకాశం జిల్లా పొగాకు రైతులకైతే ఈ మాట కొత్తేం కాదు. ఆకు క్యూరింగ్ చేసే కట్టడాన్ని వాళ్లు 'బ్యారన్' అనేగా పిలిచేది!

1890ల్లో మార్మన్ మతస్థులు ఇక్కడికి వలస వచ్చారు. సాగు చేసుకుంటే సొంతమయ్యేలా ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాల చొప్పున తీసుకుని కాలువలు తవ్వారు, గడ్డి, ఓట్స్ పండించారు. వాళ్లలో ఒకరైన థామస్ ఆల్మా మోల్టన్ 1912లో ఈ కొట్టం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఓ అటక, ఓ పక్క వసారా... కొడుకులతో కలిసి పూర్తిచేసేసరికి 1945 వచ్చింది. ఓ రైతు కుటుంబం ముప్ఫై ఏళ్ల కష్టం అది.

కలర్ ఫొటోల్లో ఆ కష్టం కనిపించదు. తొలి ఎండ ముందు కొండ శిఖరాల్ని తాకి, మెల్లగా దిగి వచ్చి చెక్క గోడల్ని బంగారంలా మెరిపిస్తుంది. అందమే, కాదనలేం. కానీ వెనకున్న 4,199 మీటర్ల గ్రాండ్ టీటన్ శిఖరమే చూపును లాగేసుకుంటుంది. కొట్టం కొండకు ముందు పెట్టిన బొమ్మలా మిగిలిపోతుంది.

బంగారు రంగు కరిగిపోగానే చాలామంది ట్రైపాడ్లు మడిచేస్తారు. నలుపు తెలుపు ఫొటోలు తీసేవాళ్లకు అసలు పని అప్పుడే మొదలు. కొట్టం ముందు గోడ తూర్పు వైపు ఉంటుంది. ఉదయం ఎండ సూటిగా పడితే గోడ చదునుగా కనిపిస్తుంది. సూర్యుడు దక్షిణానికి జరిగేకొద్దీ వెలుగు గోడను ఒరుసుకుంటూ పడి, ప్రతి చెక్క అంచుకూ సన్నటి నీడ పుడుతుంది. పగుళ్లు, అతుకులు, ఒక చెక్కకూ మరో చెక్కకూ మధ్య వయసు తేడా... అన్నీ బయటపడతాయి. లెన్సుకు ఎర్ర ఫిల్టరు తగిలిస్తే నీలాకాశం నల్లబడుతుంది, మబ్బులు తెల్లగా నిలుస్తాయి. డిజిటల్ కెమెరా అయితే తర్వాత కంప్యూటర్‌లో నీలాన్ని తగ్గించినా అంతే.

నలుపు తెలుపుల్లో ఈ కొండల్ని లోకానికి చూపించిన ఘనత ఆన్సెల్ ఆడమ్స్‌ది. ప్రభుత్వం కోసం 1942లో ఆయన తీసిన ఫొటోలో టీటన్ కొండలున్నాయి, మెలికలు తిరిగే స్నేక్ నది ఉంది. మనిషి జాడ మాత్రం లేదు. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షంలోకి పంపిన చిత్రాల్లో అదీ ఒకటి. అలా కొండలు నక్షత్రాల దాకా వెళ్లాయి. వాటి కిందే గడ్డి కోసుకున్న రైతులు ఆ చిత్రంలోకి రాలేదు.

కొన్నాళ్లకు ఊళ్లోనూ లేకుండా పోయారు. 1950లో పార్కు విస్తరించాక ఒక్కో కుటుంబమూ భూమి అమ్ముకుని కదిలిపోయింది. మనిషి ఆనవాళ్లు లేని ప్రకృతే పార్కు అనుకునే రోజులవి. పాత ఇళ్లు చాలావరకు కూలాయి, కొన్నింటిని తొలగించారు. థామస్ ఇల్లూ పోయింది. ఆయన కట్టినవాటిలో మిగిలింది కొట్టం ఒక్కటే! 1990ల్లో అధికారుల ఆలోచన మారి మరమ్మతులు మొదలయ్యాయి. 1997లో మార్మన్ రో చారిత్రక స్థలాల జాతీయ జాబితాకెక్కింది.

యెల్లోస్టోన్ చూడ్డానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది దారిలోదే, దాని దక్షిణ ద్వారం దాటితే కాసేపటి ప్రయాణం. రోడ్డుకు దక్షిణాన థామస్ కొట్టం చూసి వెనుదిరగకుండా ఉత్తరానికీ నడవాలి. అక్కడ జాన్ మోల్టన్ కొట్టం, దాని పక్కనే గులాబీరంగు ఇల్లు ఉన్నాయి. చలికాలంలో ఆ రోడ్డు మీదికి కార్లను రానివ్వరు. మంచులో నడిచో, స్కీల మీదో వెళ్లాలి. తెల్లటి నేల, నల్లబడ్డ చెక్కలు... అప్పుడు కలర్‌లో తీసినా ఫొటో దాదాపు నలుపు తెలుపుల్లోనే వస్తుంది.