తప్పు తూటాదా?

మా నాయన నాగర్‌కర్నూలు దగ్గర ఒక పల్లెకు పట్వారీ. వేరుశనగ చేలమీద అడవిపందులు పడుతుంటే, లైసెన్సు తీసుకుని ఒక 315 రైఫిలు ఉంచుకున్నారు. ఇది 1963 నాటి మాట. వేటను కట్టడి చేసిన 1972 చట్టం అప్పటికింకా రాలేదు.

చాలాకాలం వాడక తూటా కూర్చునే గదికి తుప్పు పట్టింది. పట్నంలో ఒక మరమ్మతు దుకాణంలో ఆ గదిని కొత్తగా కోయించారు. ఆ తరువాత మూడో తూటాకే ఇత్తడి తొడుగు చీలింది. వేడి పొగ వెనక్కి తన్ని నాయన చెంప కమిలింది. కన్ను దక్కడం మా అమ్మ నోచిన నోముల ఫలం!

నాయనకు కోపం ముక్కుమీదే. నేరుగా వనపర్తి వెళ్ళి, తూటాలమ్మిన షావుకారును నలుగురిలో "దొంగ సరుకు అంటగడతావా?" అని దులిపేశారు. ఇరవై ఏళ్ళ స్నేహం! ఆయన తలవంచుకుని ఒక్కమాటే అన్నాడు: "పట్వారీ సాబ్, ఖాళీ తూటాలు పారెయ్యకుండ్రి. తెలిసినోళ్ళకు చూపియ్యుండ్రి."

అమ్మ పోరు పడలేక నాయన నన్ను వెంటబెట్టుకుని, కృష్ణ దాటి గద్వాల వెళ్ళారు. సంస్థానం రోజుల్లో తుపాకులు బాగుచేసిన ముసలి ఉస్తాద్ ఒకాయన అక్కడ ఉండేవాడు. ఆయన రైఫిలు ముట్టుకోకుండా ముందు ఖాళీ తూటాలు అడిగాడు.

నూటికి డెబ్బయి పాళ్ళు రాగి, ముప్పయి పాళ్ళు జింకు కలిసిన ఇత్తడి అది. పేలినప్పుడు సాగి గది గోడలకు అతుక్కుంటుంది. పొగను వెనక్కి రానివ్వదు. మరుక్షణం కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది. గది మరీ వెడల్పయితే సాగలేక చీలుతుంది.

ఉస్తాద్ మా తూటాలు రెండు, తన పెట్టెలోవి రెండు తీసుకున్నాడు. పైకి ఉండే వైపు ఒక్కొక్కదానికి కాటుకచుక్క పెట్టాడు. రైఫిలును దుంగకు బిగించి, మీటకు తాడు కట్టి దూరంనుంచి లాగాడు. నాలుగింటికీ చుక్కకు కుడిపక్కనే ఉబ్బు!

"ఇత్తడిది తప్పయితే తలా ఒకచోట చెడాలె సాబ్. అన్నీ ఒక్కదిక్కే ఉబ్బినయంటే తప్పు గదిది" అన్నాడు.

అప్పటికీ ఊరుకోలేదు. గొట్టంలో గుడ్డ కుక్కి, గదికి నూనె రాసి, కరిగిన గంధకం పోశాడు. చల్లారాక బయటికి తోస్తే గది అచ్చు వచ్చింది. గుండ్రంగా ఉండవలసిన మొదలు కోడిగుడ్డులా ఒక పక్కకు సాగి ఉంది. కోసేటప్పుడు పనిముట్టు పక్కకు పోయిందన్నమాట.

"బాగుచేయలేవా?" అన్నారు నాయన.

"కోసేసిన ఉక్కు మళ్ళ అతుకుతదా సాబ్?"

తిరుగుదారిలో నాయన మాట్లాడలేదు. వనపర్తిలో బస్సు ఆగగానే దిగారు. అంగడిలో జనం పలచబడేదాకా ఆగుదామన్నాను.

"నలుగురిలో అన్నానురా. నలుగురూ ఉండగానే చెప్పుకోవాలి" అంటూ లోపలికి నడిచారు. షావుకారు ఆయన చేతులు పట్టుకుని, ముందు చెంపమీది మచ్చ చూశాడు. తరువాత చాయ్ తెప్పించాడు.

రైఫిలు ఠాణాకు అప్పగించారు. ఉబ్బిన తూటా ఒకటి మాత్రం నాయన కలాల పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడది నా బల్లమీద ఉంది. ఎవరిమీదనైనా నోరు జారబోయేముందు దాన్ని ఒకసారి వేళ్ళతో తిప్పి చూస్తాను.