వీసా అక్కరలేదట!

ఈ మధ్య మన ఇళ్ళలో విదేశప్రయాణం మాట ఎవరు ఎత్తినా ముందుగా వినవచ్చే మాట ఇది. "నేపాలుకు వీసా అక్కరలేదట! భూటానుకూ అక్కరలేదట! మలేషియాకు కూడా ఎత్తివేశారట!" ఆ "అట"లో ఎంత ధీమా ఉన్నదో అంత ప్రమాదమూ ఉన్నది. వీసా లేదంటే అడిగేవారే లేరని మనవారు అర్థం చేసుకుంటారు. పేరంటానికి ప్రత్యేకంగా పిలుపు అక్కరలేదన్నారు గదా అని, ఎవరింటివారమో చెప్పకుండా లోపలికి పోగలమా?

వీసా ఉన్నచోట మన కాగితాలను ముందుగా, మనం మన ఊళ్ళో ఉండగానే పరీక్షిస్తారు. తప్పినా ఇంట్లోనే తప్పుతాము, నలుగురికీ తెలియదు. వీసా లేనిచోట ఆ పరీక్ష గడప దగ్గరే జరుగుతుంది. పరీక్ష పోలేదు, చోటు మారిందంతే. కనుక పెట్టె సర్దుకోకముందే మన పరీక్ష మనమే చేసుకోవాలి.

మేము నాలుగు తరాలుగా కోయంబత్తూరులో ఉన్నవాళ్ళము. పశుపతినాథుణ్ణి కళ్ళారా చూడాలని మా అత్తగారు ఎన్నో ఏళ్ళుగా అంటూండేవారు. 2024 వేసవి సెలవులలో అందుకు వీలు చిక్కింది. ఆమెకు 71 ఏళ్ళు, మా అమ్మాయికి 16, అబ్బాయికి 9. ఒకే ఇంటివారమే అయినా మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క నియమం వర్తిస్తుందని విచారించిన మీదట తెలిసింది.

భారతదేశానికీ నేపాలుకూ 1950 జూలై 31న మైత్రీ ఒప్పందం జరిగింది. మనవారు వీసా లేకుండా అక్కడికి పోయి రావచ్చు. కాని విమానంలో పోయే పెద్దవారి దగ్గర పాస్‌పోర్టు అయినా ఉండాలి, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు అయినా ఉండాలి. ఆధార్ కార్డు అందరికీ చెల్లదు. 65 ఏళ్ళు దాటినవారికీ, 15 ఏళ్ళు నిండనివారికీ మాత్రం వయసునూ, మనిషినీ తెలిపే ఫొటో ఉన్న వేరే కాగితం చాలును. ఆ కాగితాలలో ఆధార్ కూడా ఒకటని 2019 జనవరిలో మన హోం శాఖ తెలియజేసింది. ఇక 15కూ 18కీ మధ్యనున్న పిల్లలు బడి ప్రధానోపాధ్యాయులు నిర్ణీత నమూనాలో ఇచ్చిన గుర్తింపు పత్రంతో పోవచ్చు. సెలవులు ఇచ్చేశాక ఆ సంతకం కోసం బడి చుట్టూ తిరగవలసి వస్తుందని, మా అమ్మాయి పత్రం మార్చిలోనే తెచ్చి పెట్టుకున్నాము.

చిక్కంతా మా అత్తగారి దగ్గర వచ్చింది. ఆమెకు కాగితాలు లేక కాదు, ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క పేరు ఉండి! తమిళంలో కకారానికీ గకారానికీ అక్షరం ఒకటే. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు గోవిందమ్మగారు కోవిందమ్మగారవుతారు. ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా మిగులుతుంది, మరొక కార్డులో అసలు కనబడదు.

ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. ఒరియాలో వకారం బకారంగా పలుకుతుంది గనుక బరంపురంలోని మన వెంకటరావులు బెంకటరావులవుతూంటారు. మహారాష్ట్రలో పేరుకూ ఇంటిపేరుకూ నడుమ ఆడవారికి భర్త పేరు వచ్చి కూర్చుంటుంది. యానాంలో పాతకాలపు ఫ్రెంచి పత్రాలలో ఉన్న పేరు ఇప్పటి ఇంగ్లీషు కార్డులోని పేరుతో కలవదు. మనం మాట్లాడే భాష ఒకటి, మన పేరు రాసే చేయి మరొకటి. ఊళ్ళో ఉన్నంతకాలం దీనివల్ల నష్టం తెలియదు. అందరూ మనల్ని ముఖం చూసి గుర్తుపడతారు. గడప దాటేచోట మాత్రం ముఖంతోపాటు అక్షరాన్నీ చూస్తారు. టిక్కెట్టు మీది పేరూ, చేతిలోని కార్డు మీది పేరూ ఒక్కటై ఉండాలి. మా అత్తగారి ఆధార్‌లోని అక్షరం దిద్దించడానికి మూడుసార్లు తిరిగాము. దిద్దిన కార్డు చేతికి వచ్చిన తరువాతనే, అందులో ఉన్నది ఉన్నట్లు చూసి టిక్కెట్టు కొన్నాము.

ఢిల్లీ విమానాశ్రయంలో మా వరుసలోనే ఒక యాత్రాబృందం ఉన్నది. బళ్ళారి వైపు నుంచి వచ్చిన తెలుగువారు. అందులో ఒక పెద్దావిడ ఒంటరిది, ఆ బృందంలో ఆమెకు చుట్టాలెవరూ లేరు. వయసు 63. చేతిలో ఆధార్ కార్డు ఒక్కటే ఉన్నది. "వీసా లేదమ్మా, ఆధార్ చాలు" అని టిక్కెట్టు ఇచ్చినవారు చెప్పారట. 65 దాటలేదు గనుక చాలదని బల్ల దగ్గర ఉన్న అమ్మాయి చెప్పింది. ఓటరు కార్డు లేదా అని అడిగితే, ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉన్నదన్నది! వెంట వచ్చినవారు కాసేపు బతిమాలారు, కాసేపు వాదించారు. వేళ కాగానే వారు లోపలికి పోక తప్పలేదు. ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నది.

మా అత్తగారు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. "పోనీలెండి వదినగారూ, మీరు వెళ్ళి రండి. నా పేరున ఒక దణ్ణం పెట్టండి" అన్నది ఆవిడ. ఏ పేరున పెట్టమంటారని అడిగితే, ఒక్క క్షణం ఆగి తన పేరు చెప్పింది. అది తల్లి పెట్టిన పేరట, కార్డులో ఉన్నది వేరట. నాలుగేళ్ళు కూడబెట్టిన సొమ్ముతో బయలుదేరిన మనిషి ఆమె.

ఆ బల్ల దగ్గరి అమ్మాయి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అవతలి దేశం వద్దన్న ప్రయాణికుణ్ణి వెనక్కు తీసుకురావలసిన భారం ఆ విమానంవారిదే. అందుచేత అవతలివారు అడగబోయే ప్రశ్నలన్నీ ఇవతలివారే ముందుగా అడుగుతారు.

ఒక దేశపు నియమం చూచి మరొక దేశానికి పోవడమూ పొరపాటే. భూటాన్ మనకు వీసా అడగదు, కాని ప్రవేశానుమతి పత్రం తీసుకోవాలి. అక్కడ పెద్దవారికి ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని కావాలి. పిల్లలకు ఇంగ్లీషులో ఉన్న జనన ధ్రువపత్రం కావాలి. 2022 సెప్టెంబరు నుంచి మనవారు పెద్దవారికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కూడా కడుతున్నారు. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మనకు 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తున్నది. దానికి పాస్‌పోర్టు తప్పదు, ఆరు నెలల గడువూ ఉండాలి. దిగబోయే ముందు మూడు రోజుల లోపల ఇంటర్నెట్‌లో రాక పత్రం నింపాలి, తిరుగు టిక్కెట్టు చూపాలి. పైగా ఇటువంటి మినహాయింపులు గడువు పెట్టి ఇచ్చేవి. పోయిన ఏడు పక్కింటివారు వెళ్ళి వచ్చారన్నది మనకు ఆధారం కాదు. ఆ దేశపు దౌత్య కార్యాలయంవారు ప్రయాణం నాటికి చెప్పిన మాటే ఆధారం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో మగవారి కాగితాలు ఉద్యోగం చూసుకుంటుంది, పిల్లల కాగితాలు బడి చూసుకుంటుంది. వంటింట్లో జీవితం గడిపిన పెద్దవారి కాగితాలను చూసేవారెవరు? ఇంటిల్లిపాదీ ప్రయాణమై వెళ్ళినచోట గడప దగ్గర ఆగిపోయేది వారే.

కనుక సోదరీ సోదరులకు మా మనవి ఒక్కటే. ప్రయాణం ఉన్నా లేకున్నా ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మగారినో, అత్తగారినో కూర్చోబెట్టుకుని ట్రంకుపెట్టె తెరవండి. ఉన్న కార్డులన్నీ చాప మీద పరచండి. ఆమె పేరేమిటో ముందు ఆమెనే అడగండి. తరువాత ఏ కార్డులో ఎలా ఉన్నదో అక్షరం అక్షరం చదివి, తేడా ఉన్నవి దిద్దించండి. ఆ పని పూర్తయ్యాక టిక్కెట్టు కొనండి.