అగ్గి కాలం

జనవరి 20, ధర్మవరం

కరువు మీద చాలా రాశాను. ఇకమీద దానికి ఎదురు నిలిచినవాళ్ల పక్కన కొన్నాళ్లు పని చెయ్యాలని ఉంది. అలాంటివాళ్లలో ఒకరు బబ్లూ గంగూలీ. మొదట పెనుకొండ యంగ్ ఇండియా ప్రాజెక్టులో కూలీల సంఘాలు కట్టిన మనిషి. చెట్ల దగ్గరికి ఆ దారినే వచ్చారు. 1990లో మేరీ వట్టమట్టంతో కలిసి చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. 32 ఎకరాల బీడు. జపాన్ రైతు ఫుకువోకా పుస్తకం ఇచ్చిన ఊపు. మేపు ఆపి, అగ్గి పడకుండా కాస్తే నేలే లేస్తుందని నమ్మారు.

ఫిబ్రవరి 3, ముష్టికోవెల

కల్పవల్లి కొండలు. టింబక్టు వాళ్ల తోడుతో చుట్టుపక్కల ఊళ్లు కలిసి తొమ్మిది వేల ఎకరాల దాకా కాస్తున్నాయి. బోదగడ్డి నిలువునా ఎండింది, ఒక్క బీడీ ముక్క చాలు. మంచు ఆరకముందే ఫైర్‌లైను పని మొదలైంది. బారుగా గడ్డి కోసి పక్కకు లాగారు. గాలి పడ్డాక అంచుకు నిప్పు పెట్టారు. మంట గీత దాటబోతే పచ్చికొమ్మతో ఆర్పాలి. చెయ్యెత్తి బాదితే రవ్వలెగిరి అవతల పడతాయి, అదిమి పట్టాలి.

“రాసేది రేత్రికి రాసుకుందువులేన్నా, ఈ కొన చూడు” అని కాపలా ఆయన నా చేతికి కొమ్మ ఇచ్చాడు.

కింద వంక పొడవునా ఈతచెట్లు. వాటి ఆకుతోనే ఆడవాళ్లు బుట్టలు, చాపలు అల్లుతారు.

ఫిబ్రవరి 4

తోడేలు ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. “దాన్ని చంపొద్దంటారు, సరే. గొర్రెకు దుడ్లు ఎవరిస్తారు సామీ?” అన్నాడు కాపరి. దీనికి జవాబు చెప్పలేనివాళ్లు తోడేలు గురించి మాట్లాడకూడదు.

ఫిబ్రవరి 10, హిందూపురం

పొద్దున వీరాపురం. చింతచెట్ల నిండా కొంగల గూళ్లు. పేపర్లు సైబీరియా పక్షులని రాస్తూనే ఉంటాయి. ఇవి పెయింటెడ్ స్టార్కులు, మన దేశపువే. సైబీరియా కొక్కెర మన దేశంలో చివరిగా కనిపించింది 2002లో. పెరటి చెట్టు కింద రెట్ట, నీచు వాసన. అయినా ఊరివాళ్లు కొమ్మ నరకరు. చెరువు నిండని ఏడు ఈ పక్షులకు చేప దొరకదు, కాబట్టి ఇక్కడ కొంగల్ని కాపాడటమంటే చెరువును కాపాడటమే.

ఫిబ్రవరి 24, పెనుకొండ

రికార్డుల్లో కల్పవల్లి బంజరు. అందుకే గాలిమరలకు ఇవ్వడం సులువైంది. రోడ్ల కోసం కొండవాలు తవ్వారు, ఆ మట్టి వానకు వంకల్లోకి దిగింది, తగువు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు కావాల్సిందే. కానీ ఊళ్లు మూడు దశాబ్దాలు కాచిన గడ్డిని అడిగేవాడు లేని నేలగా లెక్కగట్టడం అన్యాయం.

మేపు హక్కు, ఈతాకు హక్కు కోరుతూ అర్జీ రాయమన్నారు ఊళ్లవాళ్లు. నాకొచ్చిన పని అదే కదా, సాయంత్రం కూర్చున్నాను. కాపరులతో మొదలుపెడితే ఆడవాళ్లు ఒప్పుకోలేదు, బుట్టలల్లేవాళ్ల పేర్లు ముందుండాలన్నారు. ఆ కాగితం పక్కన పెట్టి, వాళ్ల పేర్లతో మొదటి పేజీ తిరగరాశాను. సోమవారం ఇవ్వాలి.